చిన్నగారి సైకిలు

ఏలూరు, పవర్‌పేట
11 నవంబరు 2024

మామయ్యకి,

దుర్గ నమస్కారాలు. నేను బాగున్నాను, నా స్కూటీ బాగోలేదు. మీరు బాగున్నారనీ, చెవి మిషను మాత్రం ఇంకా డబ్బాలోంచి బయటికి తియ్యలేదనీ అమ్మ చెప్పింది. ఫోను చేస్తే "ఎవరూ? ఏ ఊరూ?" అంటారు గనక కాగితం మీదే అరుస్తున్నాను.

సంగతేమిటంటే నాకొక సైకిలు కనబడింది.

చేపల చెరువుల నీళ్ళు పరీక్ష చేసే ఉద్యోగం కదా నాది. వారానికి మూడుసార్లు కొల్లేటి లంకల్లోకి వెళ్తుంటాను. మొన్న గుడివాకలంకలో గంగారత్నం గారనే ఆవిడ చెరువు దగ్గర సీసాల్లో నీళ్ళు పడుతుంటే వాన పట్టుకుంది. గట్టు మీద వలలు పెట్టుకునే పాకలోకి పరిగెత్తాను. తలెత్తి చూస్తే వాసానికి నైలాను తాళ్ళతో వేలాడుతూ సైకిలు!

మీ షాపులో నేను చూసిన ఏ సైకిలూ ఇలా లేదు. హ్యాండిలు పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంపు తిరిగి ఉంది. సీటు నా అరచెయ్యంత. మడ్‌గార్డు లేదు, క్యారియరు లేదు, స్టాండు లేదు, బెల్లయినా లేదు. ఇంకేం ఉందే అంటారేమో, గేర్లున్నాయి.

"ఇదెవరిదండీ?" అన్నాను. "మాదేనండి," అన్నారు గంగారత్నం గారు.

"ఎక్కడిదండీ?"

"పాతదండి."

వాన వెలిసేదాకా కూర్చున్నా ఇంతకు మించి ఒక్క ముక్క రాలలేదు. పాత ఇనప సామాన్లవాడు రెండుసార్లు అడిగి వెళ్ళాడట. మీ దగ్గర దాచడమెందుకు, నాకది కావాలి మామయ్యా. ముందు అదేమిటో తెలియాలి. ఫొటో స్టూడియోలో అచ్చు వేయించి పంపుతున్నాను. చూసి చెప్పండి.

మీ
వెంకటదుర్గ


తాడేపల్లిగూడెం
16 నవంబరు 2024

చిరంజీవి దుర్గకి,

మామయ్య దీవెనలు. నీ ఉత్తరం అందింది, ఫొటో కూడా అందింది. ఫొటోలో నీ బొటనవేలు చాలా స్పష్టంగా పడింది. దాని వెనకాల సైకిలుందని నువ్వంటున్నావు గనక నమ్ముతున్నాను.

యాభై ఏళ్ళు సైకిళ్ళ కింద పడుకున్నవాణ్ణి. షాపు మూసినా చేతుల దురద పోలేదు. కాబట్టి చెప్పినట్టు చెయ్యి. ముందు ఒక అయస్కాంతం తీసుకెళ్ళి గొట్టానికి ఆనించు. అతుక్కుంటే ఉక్కు, జారిపోతే అల్యూమినియం. ఉక్కయితే ఒంటి చేత్తో పైకెత్తు. నీ చెయ్యి లేస్తే మంచి ఉక్కు, నీ నడుం పట్టేస్తే మామూలు ఇనుము. తర్వాత రూపాయి బిళ్ళతో గొట్టం మీద కొట్టు. మంచి ఉక్కు గొట్టం పలుచగా ఉంటుంది, పలుచగా ఉన్నది పాడుతుంది. నీళ్ళ పైపు దగ్గుతుంది. ఆ మోత ఎలా ఉందో నాకు అక్షరాల్లో రాయి. నేను వినలేను గనక నీ వర్ణన మీద ఆధారపడక తప్పదు. జాగ్రత్తగా విను.

గొట్టాలు కలిసిన చోట అతుకులు ఎలా ఉన్నాయి? ఊరికే వెల్డింగు చేసి అంటించారా, తొడుగులేసి చివర్లు ఆకుల్లా చెక్కారా? సైకిలు తిరగేసి పెడళ్ళ ఇరుసు ఉండే గూడు అడుగున మట్టి గోకు. నెంబరుంటుంది. దాని మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది పంపు. చిన్నప్పుడు నాణేలకి చేసేదానివి, గుర్తుందా? గేర్లు జపానువైతే, వెనక గేరు లోపలివైపు రెండు ఇంగ్లీషు అక్షరాలు పొడిచి ఉంటాయి. ఆ రెండూ చెబితే ఏ ఏడు, ఏ నెల పుట్టిందో నేను చెబుతాను. జాతకం రాసిచ్చినట్టే.

సీటు గొట్టం కూడా లాగి చూడు. ముందు కిరసనాయిలు పోసి ఒక పూట నానబెట్టు. బలప్రయోగం వద్దు.

పది రోజుల్లో జవాబు రాకపోతే నేనే వచ్చేస్తాను.

సోమరాజు


ఏలూరు
24 నవంబరు 2024

మామయ్యకి,

గెలిచాం! అయస్కాంతం ఠపీమని అతుక్కుంది. అయినా సైకిలు ఒంటి చేత్తో లేచింది, నీళ్ళ బిందె కన్నా తేలిక. గంగారత్నం గారు ఇప్పుడు నన్ను చూస్తే నవ్వుతున్నారు. నీళ్ళ పరీక్షకి వచ్చిన మనిషి కొంగులో అయస్కాంతం పెట్టుకురావడం ఆవిడ ఎక్కడా చూళ్ళేదట.

రూపాయి బిళ్ళతో కొట్టాను. కంచు పళ్ళేనికి వేలి గోరు తగిలితే ఒక సన్నటి మోత వచ్చి, ఆగకుండా అలా సాగుతుందే, అది. పక్కన కూర్చుని వలకి గుండ్లు కడుతున్న గంగారత్నం గారు చెయ్యి ఆపి, "ఇంకోసారి కొట్టండి," అన్నారు. కొట్టాను. ఇద్దరం విన్నాం.

అతుకులకి తొడుగులున్నాయి, చివర్లు రావాకుల్లా సన్నగా సాగి ఉన్నాయి. నెంబరు రుద్ది ఈ కవర్లోనే పెట్టాను. కంపెనీ పేరు ఉండాల్సిన చోట ఒక ఆర్, ఒక ఓ మిగిలాయి. కానీ సీటు కింద నిలువు గొట్టం అడుగున బంగారు రంగు స్టిక్కరు నిక్షేపంలా ఉంది. మేడ్ ఇన్ తైవాన్! వెనక గేరు లోపల ఎమ్, సి అని ఉంది.

అసలు విచిత్రం ఇంకోటుంది. సీటు గొట్టం లాగితే దాని చుట్టూ పలుచని రేకు చుట్టి ఉంది. సందు పూడ్చడానికి ఎవరో పెట్టారు. విప్పి చూస్తే స్టీలు గ్లాసు ముక్క! మన గ్లాసుల మీద పేర్లు చెక్కిస్తాం కదా, అలాగే తెలుగులో "రియమ్మ" అని ఉంది. ముందు అక్షరం కోతలో పోయింది. తైవానులో కూడా మరియమ్మలున్నారా మామయ్యా?

త్వరగా జాతకం చెప్పండి.

మీ
దుర్గ


తాడేపల్లిగూడెం
29 నవంబరు 2024

దుర్గకి,

ఉత్తరం అందింది. ఎమ్, సి అంటే 1988 మార్చి. గేరు అప్పుడు తయారైంది గనక సైకిలు కూడా అప్పటిదే అయ్యుంటుంది.

ఇంక దాని గురించి ఆలోచించకు. పాత సామాను, స్పేర్లు దొరకవు. ఆవిడ ఎవరికి ఇచ్చుకుంటే వాళ్ళకి ఇచ్చుకోనీ.

ఇక్కడ చలి బాగా ఉంది. అమ్మని అడిగినట్టు చెప్పు.

సోమరాజు


ఏలూరు
10 డిసెంబరు 2024

మామయ్యకి,

మీ ఉత్తరం తిరగేసి చూశాను, వెనకవైపు ఏమన్నా రాశారేమోనని. కవరు చింపి లోపల కూడా చూశాను. పది రోజుల్లో జవాబు రాకపోతే నేనే వచ్చేస్తానన్న పెద్దమనిషి, తైవాను సైకిలు దొరికితే చలి గురించి రాయడమేమిటండీ? అమ్మని అడిగితే, "మీ మామయ్యనే అడుగు," అని పప్పు కలుపుతూ కూర్చుంది.

నేనూ మీకొకటి చెప్పకుండా దాచాను. మీ ఉత్తరం రాకముందే, గేరు సైకిళ్ళు బాగుచేసేవాళ్ళు భీమడోలులో ఉన్నారని ఎవరో అంటే, సీటు గొట్టం, ఆ రేకు ముక్క సంచిలో వేసుకుని వెళ్ళాను. రైలు గేటు దగ్గర షాపు. క్రీస్తుదాసు గారని, మీ వయసే ఉంటుంది.

ఆయన గొట్టం చూడలేదు. రేకు ముక్క చేతిలోకి తీసుకుని, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూశారు.

"ఇదెక్కడిదమ్మా?"

"కొల్లేట్లో ఒక సైకిలుకి ఉందండి."

"సైకిలు ఇంకా ఉందా?"

"ఉందండి."

"నువ్వెవరమ్మాయివి?"

"తాడేపల్లిగూడెం సోమరాజు గారి మేనకోడల్నండి."

ఆయన లేచి షట్టరు దించేశారు. పగలు పదకొండున్నరకి. నేను లోపలున్నాననే సంగతి కూడా మరిచిపోయారు. "ఏవండీ, నేనింకా ఇక్కడే ఉన్నానండీ," అని అరవాల్సి వచ్చింది. మళ్ళీ ఎత్తి, నన్ను బయటికి పంపుతూ ఒకటే అన్నారు. "ఆ గ్లాసు మా అమ్మది. ఎందుకు కోశామో మీ మామయ్యనే అడుగు."

అడుగుతున్నాను.

దుర్గ


తాడేపల్లిగూడెం
17 డిసెంబరు 2024

దుర్గకి,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను. ఇది అయిదోది, ఎలా వస్తే అలా రాస్తున్నాను.

దాసు నా భాగస్వామి. నువ్వు పుట్టకముందు షాపు మా ఇద్దరిదీ. బోర్డు మీద రెండు పేర్లూ ఉండేవి. అప్పుడు గణపవరం దగ్గర చేపల మేత మిల్లు కడుతున్నారు. మిషన్లు బిగించడానికి తైవాను నుంచి చెన్ అనే ఇంజనీరొచ్చాడు. వస్తూ వస్తూ తన సైకిలు కూడా తెచ్చుకున్నాడు. చెన్ గారు, చెన్ గారు అనడం రాక జనం చిన్నగారు అనేవాళ్ళు. తెలియనివాళ్ళు ఏ రాజుల ఇంటి చిన్నబ్బాయో అనుకునేవాళ్ళు.

ఆ సైకిలంటే నాకు ప్రాణం. సీటు గొట్టం మార్చాల్సొచ్చింది, సరిపోయే సైజు ఇక్కడ దొరకలేదు. కొంచెం వదులైంది. దాసు వాళ్ళమ్మ టీ పంపిన గ్లాసు ఎదురుగా ఉంటే ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుని కోసేశాం. మరియమ్మ గారు వారం రోజులు తిట్టింది.

1991లో దీపావళి వెళ్ళిన ఆదివారం. నేను పెళ్ళికి వెళ్ళాను, దాసు చర్చికి వెళ్ళాడు. చిన్నగారు బాగుచెయ్యమని ఇచ్చిన సైకిలు షాపు వరండాలో స్తంభానికి గొలుసేసి ఉంది. తాళం చెవి దాసు దగ్గరుంది. సోమవారం పొద్దున్న చూస్తే సైకిలు లేదు, గొలుసూ లేదు. తాళం పగలగొట్టిన జాడ లేదు. మిల్లుకి పరిగెత్తితే చిన్నగారు ఒక్క పెట్టెతో తన దేశం వెళ్ళిపోయాడన్నారు.

తిరిగొచ్చి బజారంతా వినేలా దాసుని దొంగ అన్నాను.  వాడు షాపు పానాలన్నీ తుడిచి, వరసగా పెట్టి, వెళ్ళిపోయాడు. వాళ్ళమ్మ పోయినప్పుడు నేను చర్చి గేటు దాకా వెళ్ళి వెనక్కొచ్చాను.

దాసు తియ్యలేదని నాకు ఆ నెల్లోనే అనిపించింది. మరెవరు తీశారో తెలియలేదు. తెలియనప్పుడు ఏ మొహంతో వెళ్ళను అనుకుంటూ ముప్ఫై మూడేళ్ళు గడిపేశాను. ఆ గంగారత్నం గారిని అడుగు. మర్యాదగా అడుగు, దొంగసొత్తు అన్నట్టు అడక్కు. ఆ మాట ఒకసారి అని చూశాను.

మామయ్య


గుడివాకలంక
20 జనవరి 2025

మామయ్యకి,

చెరువు గట్టు మీద కూర్చుని రాస్తున్నాను. గంగారత్నం గారు పక్కనే ఉండి, "అది కూడా రాయండి," అంటూ చెబుతున్నారు.

పండగ రోజులన్నీ గడిచాక ఇవాళ అడిగాను. మర్యాదగానే అడిగాను. మా మామయ్య ఆ సైకిలు పోయిందని ఒకాయన్ని దొంగన్నారండీ, ఇప్పుడు బాధపడుతున్నారండీ అన్నాను. ఆవిడ చేతిలో వల పక్కన పెట్టేసింది. "దొంగేంటండీ! అది చిన్నగారు నాకిచ్చిందండీ!"

చిన్నగారు ఆదివారాలు సైకిలేసుకుని పక్షుల్ని చూడ్డానికి కొల్లేరొచ్చేవాడట. వీళ్ళ నాన్నగారు పడవలో తిప్పేవారు, వీళ్ళమ్మగారు కొర్రమీను పులుసు వండి పెట్టేవారు. ఆయన సైకిలు దిగి పడవెక్కగానే, పదిహేడేళ్ళ గంగారత్నం గారు దాన్నెక్కి గట్ల మీద తిరిగేవారు. ఆయన చూసి ఏమీ అనేవాడు కాదట. ఆ దీపావళి తర్వాత, తైవానులో తన తండ్రికి బాగోలేదని చిన్నగారికి టెలిగ్రాం వచ్చింది. ఆదివారం పొద్దున్నే మిల్లు వ్యానులో మీ షాపుకొచ్చాడు. ఎవరూ లేరు. గొలుసు ఆయనదే, రెండో తాళం చెవి ఆయన జేబులోనే ఉంది. విప్పి, సైకిలు వ్యానులో వేసుకుని, గుడివాకలంక వచ్చి వీళ్ళింటి ముందు దింపి, "గంగా, నీది," అని రైలుకి వెళ్ళిపోయాడు.

"మరి షాపువాళ్ళకి చెప్పక్కర్లేదా బాబూ అని మా అమ్మ అడిగిందండీ," అంటున్నారు గంగారత్నం గారు. "తలుపు సందులో ఉత్తరం పెట్టానన్నాడండీ. వాళ్ళ భాషలోనేనట, తొందరలో ఇంగ్లీషు రాలేదట. అర్థం కాకపోతే చూస్తారని సైకిలు బొమ్మ, చేప బొమ్మ కూడా గీశానన్నాడండీ."

మీరు ఆ ఉత్తరం చూశారా మామయ్యా?

నేనొక పని చేసేశాను. నడిచేలా చేయించి తెస్తానని ఆవిడకి చెప్పి, సైకిలు ట్రాలీ ఆటోలో వేసి భీమడోలు పంపించాను. క్రీస్తుదాసు గారు దింపుకున్నారట. 

దుర్గ


తాడేపల్లిగూడెం
27 జనవరి 2025

దుర్గకి,

చూశాను.

సోమవారం తలుపు తియ్యగానే కాళ్ళ దగ్గర కాగితం పడింది. చీమల బారుల్లా అక్షరాలు. దీపావళి వెళ్ళి వారం కాలేదు కదా, ఏ టపాకాయల ప్యాకెట్టు కాగితమో గాలికి కొట్టుకొచ్చిందనుకున్నాను. చేతికి గ్రీజుంది. తుడుచుకుని పారేశాను. సైకిలు బొమ్మ ఉందట! ఉండే ఉంటుంది. వెనక్కి తిప్పి చూస్తే కదా.

అంటే దాసు దొంగ కాదని రాసిన కాగితంతో చెయ్యి తుడుచుకుని, అదే చెయ్యి చూపించి వాణ్ణి దొంగ అన్నానన్నమాట. నవ్వొస్తోంది దుర్గా. నవ్వుతుంటే కళ్ళు మండుతున్నాయి.

రేపు పొద్దున్న పాసింజరుకి భీమడోలు వెళ్తున్నాను. ఏం చెప్పాలో ఒక కాగితం మీద రాసుకున్నాను.

మామయ్య


ఏలూరు
20 ఫిబ్రవరి 2025

మామయ్యకి,

రేపు పొద్దున్న పాసింజరుకి వెళ్తున్నానని రాసి ఇరవై నాలుగు రోజులైంది. ఆ పాసింజరు ఇంకా భీమడోలు చేరలేదా? మీరు రోజూ అన్నం క్యారియరు పట్టుకుని స్టేషనుకి వెళ్తున్నారని మాత్రం అమ్మకి కబురొచ్చింది. ఈ వయసులో మీకు ఉద్యోగం ఎవరిచ్చారండీ?

ఇక్కడ నాకు తల తీసేసినట్టయింది. సైకిలు బాగయ్యాక నాకిస్తారనే భ్రమలో ఉన్నాను. నిన్న గంగారత్నం గారు, "నా సైకిలెప్పుడు తెస్తారండీ? రెండు టైర్లూ కొత్తవే వెయ్యమనండి. మొన్నీమధ్యే యాభై నిండాయి, పడితే లేవలేను," అన్నారు. ఆ పాకలో అన్నేళ్ళు కట్టి ఉంచింది పారెయ్యడానికి కాదట. పెళ్ళయిన కొత్తలో ఆడపిల్ల ఆ సైకిలెక్కితే బాగుండదని అత్తగారు పైన కట్టించేశారట. అత్తగారు పోయారు, వాళ్ళాయనా పోయారు. ఇంక కిందికి దించుకుందామంటే టైర్లు లేవు, తెచ్చిపెట్టేవాళ్ళు లేరు. అయస్కాంతం పట్టుకుని నేను దొరికాను!

జవాబు రాయకపోతే ఈసారి నేనే వచ్చేస్తాను.

దుర్గ


భీమడోలు
2 మార్చి 2025

చిరంజీవి దుర్గకి,

క్రీస్తుదాసు షాపులో, టైర్ల కట్ట మీద కూర్చుని రాస్తున్నాను. ఆలస్యమైనందుకు ఏమీ అనుకోకు.

ఆ రోజు రైలు దిగి, షాపు ముందు నిలబడ్డాను. దాసు ట్యూబు నీళ్ళలో ముంచి చూస్తున్నాడు. తలెత్తి, "ఏం కావాలండీ?" అన్నాడు. పెదాలు చూసి పోల్చుకున్నాను. రాసుకున్న కాగితం జేబులో లేదు, ఇంకో చొక్కాలో ఉండిపోయింది. "గాలి కొట్టించుకుందామని," అన్నాను.

వాడు నా చేతులు చూశాడు, నా వెనక చూశాడు. సైకిలేదీ అన్నట్టు చెయ్యి తిప్పాడు.

అప్పుడు చెప్పాను. ఉత్తరం, టపాకాయలు, గ్రీజు, అంతా. తప్పు నాదిరా దాసూ, అందరి ముందూ అన్నాను, అందరి ముందే ఒప్పుకుంటాను అన్నాను. అంతే, వాడు మొదలుపెట్టాడు. పంపు కింద పడేసి, చేతులు ఊపుతూ, అరగంటసేపు మాట్లాడాడు. ముప్ఫై మూడేళ్ళదీ ఒక్కసారే వచ్చింది. నేను తల ఊపుతూ నిలబడ్డాను. ఒక్క ముక్క వినబడలేదు దుర్గా. చివరికి వాడేదో అడిగాడు. దానికీ తల ఊపాను. వాడు నా చెవి వంక చూశాడు. ఒక అట్టపెట్టె చింపి దాని మీద రాశాడు: "చెవుడా?" అవునన్నాను. మళ్ళీ రాశాడు: "మిషను పెట్టుకుని రేపు రా. మళ్ళీ మొదట్నించీ చెబుతాను."

వెళ్ళాను. చెప్పాడు. రెండోసారి ఇంకా ఎక్కువ చెప్పాడు. వాళ్ళమ్మ చివరిదాకా, "సోమా రాలేదేంట్రా," అని అడిగేదట. ఇది మాత్రం అరవకుండా, మెల్లగా చెప్పాడు. అయినా బాగా వినబడింది.

ఆ తర్వాత ఇద్దరం సైకిలు విప్పాం. తుప్పు పైపైనే ఉంది, లోపల ఉక్కు బంగారంలా ఉంది. బ్రేకు తీగలు, గొలుసు, టైర్లు కొత్తవి వేశాం. గంగారత్నం గారి కోసం సీటు దించాం. మొన్న శుక్రవారం మేమిద్దరం ట్రాలీ ఆటోలో తీసుకెళ్ళి అప్పజెప్పాం. నువ్వు చింతలపూడి మీటింగుకి వెళ్ళావని చెప్పారు. ఆవిడ చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, మా ఇద్దర్నీ అవతలికి తిరగమని, ఎక్కింది. మొదట కొంచెం ఊగింది. మేం పరిగెత్తబోయేలోపు గట్టు మలుపు తిరిగిపోయింది. ఎంతకీ రాలేదు. చెరువులో పడిందేమోనని దాసు గోచీ బిగించబోయాడు. ఇంకో పక్కనుంచి వచ్చి, ఆగకుండా, "ఇంకో చుట్టు తిరిగొస్తానండీ!" అంటూ మా ముందునుంచి వెళ్ళిపోయింది.

నీకు సైకిలు దక్కలేదని బాధపడకు. ఆవిడ ఆదివారాలు ఇస్తానంది.

నేనిక్కడ రోజూ గాలి కొడుతున్నాను, పంచర్లు వేస్తున్నాను. అందరి ముందూ ఒప్పుకుంటానని మాటిచ్చాను కదా, వచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతున్నాను.

కింద కొంచెం చోటుంటే దాసు ఏదో రాస్తానంటున్నాడు.

మామయ్య

అమ్మా దుర్గా, దాసుని రాస్తున్నాను. ఆ రోజు నిన్ను లోపల పెట్టి షట్టరు దించేసినందుకు ఏమీ అనుకోకు. మీ మామయ్యతో పెద్ద చిక్కొచ్చి పడింది. పంచరుకొచ్చిన ప్రతి మనిషికీ, "ఈ క్రీస్తుదాసు దొంగ కాదండీ, నాది హామీ," అని చెబుతున్నాడు. నేను భీమడోలు వచ్చి ముప్ఫై మూడేళ్ళయింది. ఇక్కడ నన్నెవరూ దొంగ అనలేదు. ఇప్పుడు ఇతని మాట విని, సైకిలు దింపినవాళ్ళు నా వంక అదోలా చూసి, పని అయ్యేదాకా కదలకుండా కూర్చుంటున్నారు. దయచేసి ఆపమని ఒక ఉత్తరం రాయి తల్లీ. నువ్వు చెబితే వింటాడు. నా మాట ఎప్పుడు విన్నాడు గనక.